ఉన్నిలో ఏడో మందు

సోమవారం

జీవాలు ముప్పై ఎనిమిది. మందు ఏమీ వేయలేదు.

ఇంతే రాయాల ఈ పుస్తకంలో. పశువుల ఆఫీసు రెహానా మేడం ఇచ్చేటప్పుడు అదే చెప్పింది. ఏ గొర్రెకు ఏ మందు వేసినావో, ఎప్పుడు వేసినావో, వేయకుంటే వేయలేదని దినామూ రాయాల. కింద సగం పేజీ వదిలి ‘ఇతర విషయాలు’ అని అచ్చు వేసినారు. ఎర్రబండలో మావి ఆరిండ్లు, ఆరు పుస్తకాలు. ఎవురి పుస్తకంలో చూసినా ఆ సగం పేజీ ఖాళీనే. నేను రాస్తాండా. కూచుంటే కాళ్లు నిలవవు, పండుకుంటే వీపు నిలవదు. చెయ్యి కదుల్తా ఉంటే కొంచెం నయం.

నాలుగో తరగతి దాకా చదివినా. తప్పులు ఉంటాయి. దిద్దే మనిషి ఇప్పుడు లేదు. మా పాప ముత్యాలి పోయి ఈ దినానికి పద్నాలుగు దినాలు. తొమ్మిదేండ్లు దానికి.

పొద్దున జీవాల్ని పలకల కిందికి తోలినాం. ఎండలోంచి కరెంటు తీసే పలకలు మా ఊరి నుంచి గుట్టల దాకా పరిచి ఉన్నాయి. వాటి కింద గడ్డి పెరిగితే వాళ్లకు ఇబ్బంది, మాకు మేత.

మధ్యాన్నం జలగ మిషను వచ్చింది. దానికి గవర్నమెంటు పేరు వేరే ఉంది, అది నోరు తిరగదు. మనిషి లేకుండా నాలుగు చక్రాల మీద వచ్చి దొడ్డి వాకిట్లో నిలబడుతుంది. జీవం ముందర నుంచి పోతా ఉంటే చెవిలోంచి ఒక చుక్క రక్తం తీసుకుంటుంది. ఆరిండ్ల రక్తమూ ఒకటే సీసాలో కలుపుతుంది. సీసాకు ఒక రుసుం. ఇంటికొక సీసా కావాలంటే ఇంటికొక రుసుం, జీవానికొకటి కావాలంటే జీవానికొక రుసుం. అంత మోసేవాళ్లు మాలో లేరు. అందుకని ఆరిండ్లూ ఒక కట్టు. తిమ్మరాయుడన్న అందరి దగ్గరా వసూలు చేసి కడతాడు. సీసాలో మందు లేదంటే ఆరిండ్ల జీవాలకూ పచ్చ ముద్ర. ఉందంటే ఆరిండ్లకూ లేదు. ముద్ర లేని గొర్రెను ఏ కటికాయనా ముట్టడు.

కదిరప్ప మామ గేటుకు ఆనుకుని జలగ దిక్కు చూస్తా, "రుసుం కట్టీ కట్టీ మన జీవాలు బక్కబడె, ఇదేమో బలిసె. వచ్చే ఏడు దీన్నే కోసి కుప్పలేసుకుందాం" అన్నాడు. ఎప్పుడూ ఇదే మాట ఆయనకు. ఆయన పొట్టేలొకటి ముందుకాలు ఎత్తెత్తి నడస్తా వచ్చింది. తిమ్మరాయుడన్న చూసినాడు.

"ఏం మామా, దానికేమన్నా వేసినావా?"

"వేసినా. వేపాకు పసరు. నీ మోకాలికి గూడా వేస్తా, రా."

అందరూ నవ్వినారు. నా మొగుడు మద్దిలేటి నవ్వలేదు.

మంగళవారం

జీవాలు ముప్పై ఎనిమిది. మందు వేయలేదు.

దొడ్డి మూడుసార్లు ఊడ్చినా. ఊడ్చిన చోటనే ఊడ్చినా. కొళాయిలో నీళ్లు గంటసేపే వస్తాయి, ఆ గంటలో నాలుగు బిందెలు చాలు మాకు. ఎనిమిది పట్టినా. పట్టినాక ఇన్ని ఎందుకు పట్టినానా అని చూస్తా నిలబడినా. "ఇంక చాల్లేమే, కూచో" అన్నాడు మద్దిలేటి. కూచున్నా. మళ్లా లేచినా.

బుధవారం

జీవాలు ముప్పై ఎనిమిది.

సీసాలో మందు ఉందంట.

తిమ్మరాయుడన్న ఫోన్‌లో ఎర్ర గుర్తు వచ్చింది. ఆరిండ్లకూ పోయి చూపించినాడు. ఏ మందో అందులో లేదు, రేపు మేడమే వచ్చి చెప్తుందంట. ఎవురికి వాళ్లు మేం వేయలేదంటే మేం వేయలేదన్నారు. నేను గూడా అన్నా. నేను వేయలేదు గదా.

గురువారం

రెహానా మేడం వచ్చింది. ఏడో మందు అని చెప్పింది.

మా పక్క ఆరు మందులు చచ్చిపోయినాయి అంటారు. ఒక కాలంలో గొర్రెలకు, కోళ్లకు, చేపలకు దాణాలో కలిపి పోసినారంట, తొందరగా బరువు రావాలని. రోగం పురుగులు ఆ మందుల్ని తిని తిని వాటికి అలవాటు పడిపోయినాయి. ఒకటొకటిగా ఆరూ పనికిరాకుండా పోయినాయి. మా అమ్మ కాలంలో గోరుచుట్టుకు గూడా మనుషులు పోయినారు. ఇప్పుడు మిగిలింది ఏడోదొక్కటే. అది మనిషికే గానీ జీవానికి వేయగూడదు. పెద్దాసుపత్రిలో లెక్కబెట్టి ఇస్తారు. మిగిల్తే లెక్కబెట్టి తిరిగి ఇచ్చేయాల. జలగలు, రుసుములు, ఈ పుస్తకం, అన్నీ దాన్ని కాపాడుకునేదానికే వచ్చినాయి.

మేడం ఆ పేరు చెప్తాంటే నాకు చెవుల్లో గాలి తిరిగినట్లాయ. ఇంట్లోకి పోయి నీళ్లు తాగినా. బయటికి వచ్చినా. మళ్లా పోయినా.

మద్దిలేటి మొహం నల్లగా అయిపోయింది. "మన పాపకు పని చేయని మందు, మే," అన్నాడు నాతో, అందరికీ వినపడేటట్లు. "ఎవుడో గొర్రె కాలికి వేసినాడు. ఇట్లాంటోళ్ల వల్లనే గదా అది పని చేయకుండా పోయింది? ఇట్లాంటోళ్లే గదా నా బిడ్డను చంపింది?"

ఎవురూ పేరు పెట్టలేదు. అందరూ కుంటి పొట్టేలు దిక్కు చూసినారు.

మేడం మూడు దార్లు చెప్పింది. ఒకటి, ఆరిండ్లూ మూడు నెలలు ఏ జీవాన్నీ అమ్మకుండా ఉండడం. మందు రక్తంలోంచి తొందరగా పోయినా, ఉన్నిలోంచి పోయేదానికి అంత కాలం పడుతుందంట. రెండు, జీవానికొక రుసుం కట్టి ఒక్కో గొర్రె ఉన్ని పరీక్ష చేయించుకోవడం. మూడు, తప్పు ఫలానా ఇంటిది అని అయిదిండ్లు వేలిముద్ర వేస్తే, ఆ ఇంటి మందనంతా పూడ్చిపెట్టి మిగతావాళ్లకు మళ్లా ఒక సీసా తీస్తారు. సోమవారం లోపల తేల్చుకోమని పోయింది.

శుక్రవారం

నీళ్ల ట్యాంకు కింద కూడినాం. మూడు నెలలు అమ్మకపోతే తినేదానికి ఉండదని మొదటి దారి అందరూ వద్దన్నారు. కదిరప్ప మామ లేచి నిలబడినాడు.

"నా ముప్పై జీవాల ఉన్ని కత్తిరించుకోండి. ఇంకా చాలకుంటే నా మీసం గూడా కత్తిరించుకోండి. పరీక్ష చేయండి. ఉంటే నేనే గుంత తవ్వుకుంటా."

"ముప్పై రుసుములు ఎవురు కడతారు మామా?" అన్నాడు తిమ్మరాయుడన్న.

"అంటే రుసుం కట్టగలిగినోడు దొర, కట్టలేనోడు దొంగ. అంతేనా?"

"ఈ రూలు నేను పెట్టినానా? నా మీద అరిస్తే ఏమొస్తుంది?"

"ఎవురి మీద అరవాలో చెప్పు, ఆడికే పోతా."

నవ్వొచ్చే మాటే. ఎవురూ నవ్వలేదు. రుసుం అడిగినప్పుడల్లా ఏడ్చేటోడు, పొట్టేలు కాలికి పట్నంలో దొంగతనంగా కొని వేసుంటాడు అని ఒకరు మొదలుపెడితే అందరూ ఆ దారి పట్టినారు. నాలుగు వేళ్లు పడినాయి ఫోన్ మీద. అయిదోది మా ఇంటిది. మద్దిలేటి లేచినాడు.

నేను ఆయన చెయ్యి పట్టుకున్నా. అందరి ముందర మొగుని చెయ్యి ఎప్పుడూ పట్టుకోలేదు. "ఇంట్లో మాట్లాడుకుని వేస్తాంలే అన్నా, సోమవారం దాకా ఉంది గదా" అన్నా తిమ్మరాయుడన్నతో. మద్దిలేటి నన్ను చూసినాడు. బాధలో ఉండాది అనుకున్నాడేమో, కూచున్నాడు.

కదిరప్ప మామ నా దిక్కు తిరిగి చేతులు జోడించినాడు. నేను తల వంచుకుని వచ్చేసినా.

శనివారం

ఈ పుస్తకంలో ఇప్పటిదాకా అబద్ధం రాయలేదు. నిజం గూడా రాయలేదు.

ముత్యాలి కాలికి తుమ్మముల్లు గుచ్చుకుంది. మూడో దినానికి కాలు వాచి జ్వరం వచ్చింది. పెద్దాసుపత్రిలో నాలుగు దినాలు వరసలో కూచుంటే ఏడో మందు ఇచ్చినారు. ఇరవై ఒక్క మాత్రలు. మూడు పూటలా ఒక్కొక్కటి, ఏడు దినాలు. జ్వరం తగ్గినా ఆపొద్దు, అన్నీ మింగించాల అని నర్సమ్మ చెప్పి, ఆ మాటనే నాతో మూడుసార్లు అనిపించుకుంది.

నాలుగో దినం పొద్దున పదో మాత్ర వేసినా. మధ్యాన్నానికి పాప లేచి గొర్రెపిల్లల వెనక పరిగెత్తుతా ఉంది. ఒళ్లు చల్లగా ఉంది. చేతిలో పదకొండు మిగిలినాయి. ఆ వరస గుర్తొచ్చింది నాకు. నాలుగు దినాలు, ఎండలో, జ్వరం బిడ్డను ఒళ్లో పెట్టుకుని. మళ్లా వస్తే మళ్లా ఆ వరసనా? ఈ పదకొండూ ఉంటే ఆ బాధ ఉండదు గదా అనుకుని గుడ్డలో కట్టి బియ్యం డబ్బాలో పెట్టినా. ముందుచూపు గల తల్లిని అని నన్ను నేనే మెచ్చుకున్నా.

వారం తిరగలేదు, మళ్లా వచ్చింది జ్వరం. ఈసారి జ్వరం పాపను నిలబడనీయలేదు, దాచినవి తీసేదానికి గూడా పొద్దు లేక, ఎత్తుకుని పరిగెత్తినాం. డాక్టరు నన్నే అడిగినాడు, ఇరవై ఒక్కటీ మింగిందా అని. మద్దిలేటి పాపను భుజానేసుకుని నా పక్కనే ఉన్నాడు. మింగింది సార్ అన్నా. భయానికి అన్నానో, సిగ్గుకు అన్నానో. అట్లయితే ఈ మందు ఇంక పని చేయదమ్మా, ఎనిమిదోది ఇంకా రాలేదు అన్నాడు డాక్టరు. అయిదు దినాలు ఉండింది నా బిడ్డ.

అన్నీ మింగినా పోయింది అని మద్దిలేటి నమ్మినాడు. అందుకే ఎవుడో మందును పాడు చేసినాడని ఎతుకుతాండాడు.

పదకొండో దినం సమాధి దగ్గర కూడు పెట్టినాం. రాగిముద్ద ముత్యాలికి ఇష్టం. ఆ పదకొండు మాత్రలూ నూరి ముద్దలో కలిపినా. ఎందుకు కలిపినావు అంటే ఏం చెప్పాల. తిరిగి ఇస్తే లెక్క తెలిసిపోతుంది. పారేసేదానికి చేతులు రాలేదు, అది పాప మందు. అప్పుడు నేను ఇయ్యలేదు, ఇప్పుడన్నా మింగు తల్లీ అని కలిపినా. ఆకులో పెట్టి అందరమూ దూరం పోయి నిలబడినాం. కాకి కోసం చానాసేపు చూసినాం. రాలేదు. మా మందలోని బొల్లి గొర్రె వచ్చి ముద్దంతా తినేసింది. నేను తోలబోయినా. "తోలొద్దు, జీవం ముట్టింది గదా, పాప తిన్నట్టే" అని తిమ్మరాయుడన్న ఆపినాడు. కదిరప్ప మామ కండ్లు తుడుచుకున్నాడు. నాకు గూడా కడుపులో కొంచెం చల్లబడింది ఆ పొద్దు.

మూడు దినాలకు జలగ వచ్చింది.

మద్దిలేటికి చెప్తే ఆయన నన్ను ఎట్ల చూస్తాడో తెలీదు. చెప్పకపోతే మామ ముప్పై జీవాలూ గుంతలోకి పోతాయి. పొద్దున్నుంచి గడప దాటడం, లోపలికి రావడం. ఇదే పని.

ఆదివారం

చెప్పినా.

పలకల నీడలో సద్ది విప్పుకున్నాం. ఆయన రొట్టె తుంచినాడు.

"ఏమయ్యా, రేపు నువ్వు వేలు వేయొద్దు."

"ఎందుకు?"

"మామ వేయలేదు ఆ మందు."

"నీకెట్ల తెలుసు?"

"అది మన పాపది. బొల్లిది తినింది, సమాధి కాడ. ముద్దలో కలిపింది నేనే."

ఆయనకు అర్థం కాలేదు. "పాప మందు యాడిది? అన్నీ మింగె గదా."

"పదే మింగింది."

తుంచిన రొట్టె ముక్క చేతిలోనే ఉంది.

"డాక్టరు అడిగినప్పుడు నేను ఆడనే ఉంటి."

"ఉంటివి."

"నా ముందరే చెప్తివి."

"చెప్పినా."

కొడతాడేమో అనుకున్నా. కొట్టింటే బాగుండు అని గూడా అనుకున్నా. ఆయన రొట్టె ముక్కను గుడ్డలో పెట్టి, గుడ్డకు ముడి వేసి, లేచి పలకల ఆ చివరికి పోయినాడు. సాయంత్రం మందను తోలుకొచ్చి, బొల్లిదాన్ని వేరే గుంజకు కట్టినాడు. దానికి గడ్డి వేసినాడు, నీళ్లు పెట్టినాడు. నాతో మాట్లాడలేదు.

సోమవారం

జీవాలు ముప్పై ఎనిమిది. బొల్లి గొర్రెకు ఏడో మందు, పదకొండు మాత్రలు. ఇచ్చింది నేను.

పై గీతల్లో ఇట్లనే రాసి మేడం చేతికి ఇచ్చినా. అందరూ ఉన్నారు. మేడం చదివి, పుస్తకం మూసి, మళ్లా తెరిచి చదివింది. ఒక జీవానికి ఒక రుసుం మేము కట్టినాం. బొల్లిదాని ఉన్ని కత్తిరించి పరీక్ష పెట్టినారు. ఉంది.

బొల్లిదాన్ని పూడ్చాలంట, దాని కడుపులో పురుగులు ఏడో మందును నేర్చుకుని ఉంటాయంట. మిగతా ముప్పై ఏడూ మూడు నెలలు అమ్మకూడదు. మా ఇంటిని ఏడాది కట్టులోంచి తీసేస్తారు, మా సీసా రుసుం మేమే కట్టుకోవాల. మిగతా అయిదిండ్లకు మళ్లా తీస్తారు. గుంత మద్దిలేటి ఒక్కడే తవ్వినాడు. సాయానికి పోయినవాళ్లను చెయ్యెత్తి ఆపినాడు.

కదిరప్ప మామ కాళ్లు పట్టుకోబోయినా. ఆయన వెనక్కి జరిగినాడు.

"శుక్రవారం నీకు చేతులు జోడిస్తి. అప్పుడు తెలుసా నీకు?"

"తెలుసు మామా."

"గురువారం?"

"తెలుసు."

"నాలుగు దినాలు, సుంకమ్మా. నా జీవాల్లో ఒక్కోదాన్నీ పేరు పెట్టి పిలిచి ఏడ్చినా. ఈడనే ఉంటివి గదా నువ్వు." ఆయన కిందున్న కర్ర తీసుకున్నాడు. "నీ బిడ్డ పోయిన బాధ నాకూ ఉండాది. దానికీ దీనికీ పొత్తు కలపొద్దు." అని పోయినాడు. న్యాయమే.

మేడం పోయేటప్పుడు అడిగినా. "డాక్టరుకు నిజం చెప్పింటే బతికేదా మేడం?"

"తెలీదమ్మా. ఇంకో తీరు చూసేవాళ్లేమో. నిజంగా నాకు తెలీదు." మంచి మాట చెప్పి పంపొచ్చు. చెప్పలేదు. అందుకు ఆమెను తప్పు పట్టను.

ఇట్లాంటిది ఎక్కడ దొరికినా, ఎట్ల జరిగిందో ఆ మనిషి గొంతుతోనే చెప్పించి, జలగ పోయే ప్రతి దొడ్డి దగ్గరా వినిపిస్తారంట. కట్టే రుసుంలో ఆ పని గూడా ఉందంట. నా పేరు పెట్టండి, పాప పేరు వద్దు అన్నా. "నీ ఇష్టం," అనింది మేడం. "కానీ పేరు లేకుంటే గొర్రె సంగతి అనుకుని ఎవురి పనిలో వాళ్లు పడిపోతారు సుంకమ్మా."

జలగ ముందర నిలబడి మొత్తం చెప్పినా. పేరు గూడా చెప్పినా. రెండుసార్లు గొంతు పోయింది. దాన్ని తీసేయొద్దన్నా.

గురువారం

జీవాలు ముప్పై ఏడు. మందు వేయలేదు.

మద్దిలేటి మాట్లాడి నాలుగు దినాలు. పెట్టింది తింటాడు. జీవాల్ని తోలుకుని ముందర పోతాడు, నేను వెనక. గొర్రెల్ని అదిలించే గొంతు మాత్రం వినపడుతుంది. అది విన్నప్పుడు, మూగోడు కాలేదులే అనుకుంటా.

సోమవారం నుంచి నా గొంతు నాది కాదు. జలగ యా ఊర్లో ఉందో, ఏ దొడ్డి కాడ నా బిడ్డ పేరు చెప్తాందో. ఎవురు తిట్టుకుంటాండారో. దొడ్డి ఊడ్చినా. మళ్లా ఊడ్చినా.

ఆదివారం

జీవాలు ముప్పై ఏడు. మందు వేయలేదు.

మధ్యాన్నం మూడింటప్పుడు ఒకామె వచ్చింది. చిన్న వయసు, చంకలో బిడ్డ, మోకాళ్ల దాకా దుమ్ము. గుట్టల అవతల చింతమాను తండా నుంచి నడిచి వచ్చిందంట. వాకిట్లోనే నిలబడి, "ముత్యాలి వాళ్లమ్మవు నువ్వేనా?" అనింది.

ఇరవై ఏడు దినాల తర్వాత ఆ పిలుపు. అవునన్నా.

ఆమె కొంగు ముడి విప్పింది. లోపల మాత్రలు. నాకు చూసేదానికి ధైర్యం చాలలేదు, చూసినా. తొమ్మిది.

"మొన్న జ్వరం తగ్గిందక్కా. ఆసుపత్రి వరసలో నా ముందర ఒకడు పడిపోయె, అది చూసినాక మళ్లా ఆడికి పోగూడదని ఇవి దాచినా. నిన్న మా దొడ్డి కాడ నీ మాట వినపడె. మా ఆయనకు చెప్పలేదు. ఇప్పుడు వేయొచ్చా? ఎన్ని వేయాల?"

బిడ్డను తాకి చూసినా. ఆడబిడ్డ, నాలుగేండ్లు ఉంటాయి. ఒళ్లు వెచ్చగా ఉంది. ఎండకో, జ్వరానికో నాకు తెలీలేదు.

"నన్ను అడగొద్దు, నాకు తెలీదు. ఆసుపత్రికి పోవాల. ఇప్పుడే. పేరేంది నీది?"

"శాంతిబాయి. డాక్టరు తిడతాడక్కా."

"తిట్టనీ. ఎన్ని వేసినావో చెప్పు, ఎన్ని వేయలేదో చెప్పు, ఏ పొద్దు ఆపినావో చెప్పు. నీ మొగుడు పక్కన ఉన్నా చెప్పు. అదొక్కటి మాత్రం దాచొద్దు."

పట్నం బస్సు పొద్దున్నే పోయింది. మళ్లీ రేపే. నడిస్తే రాత్రవుతుంది. మా బండిని ఆయన్ను అడిగేదానికి నాకు మొహం లేదు. ఇంకెవురి బండి అడగాల? మా కట్టులోంచి మమ్మల్ని తీసేసినారు, ఎవురింటికి పోతే ఏమంటారో. గడప దాటినా, వెనక్కి వచ్చినా. శాంతిబాయి నన్నే చూస్తా ఉంది, నేను దారి చూస్తా ఉన్నా.

దొడ్డి వెనక నుంచి బండి శబ్దం. గడ్డి మోసే మా బ్యాటరీ బండి. మద్దిలేటి అందులో గడ్డి మోపులు ఒకటొకటిగా కిందికి తోసేసి, అడుగున తన దుప్పటి మడిచి వేసినాడు. బిడ్డను చేతులు చాపి అందుకున్నాడు. పడుకోబెట్టి, నుదుటి మీద చెయ్యి పెట్టి, తీయకుండా అట్లే ఉన్నాడు కాసేపు.

తర్వాత నా దిక్కు తిరిగినాడు.

"నువ్వు గూడా ఎక్కు," అన్నాడు. "ఆ డాక్టరుతో నువ్వే మాట్లాడాల."